నాచారం గాలి

డ్రోన్ మళ్లీ తారామణి మేడ మీదే దిగింది.

ఉప్పల్లో ఇన్ని మేడలున్నాయి. దీనికి ఇదొక్కటే దొరికినట్టుంది! ఆరేసిన చీర తీస్తున్న తారామణి దాని వంక చూసి నిట్టూర్చింది. అది ఎవరిదో ఆమెకు తెలుసు. నాచారంలో ఉండే తమ్ముడు గిరిప్రసాద్‌ది. పెళ్లిళ్లకు డ్రోన్‌తో వీడియోలు తీయడం అతని పని.

నిరుడు ఆమె భర్త పోయిన రోజు కూడా అతను ఏదో పెళ్లిలో దీన్నే ఎగరేస్తూ ఫోన్ చూసుకోలేదు. బావ ఆఖరి చూపుకు అందలేదు.

"ఇగ నా గడప తొక్కకు" అంది తారామణి.

అతను తొక్కలేదు. పిల్లలు లేరు, భర్త లేడు, మిగిలిన ఒక్క తమ్ముడూ రాడు. ఒక్కదాని కోసం గుప్పెడు బియ్యం కడిగేటప్పుడల్లా ఆమెకు ఏడుపొచ్చేది. అయినా పిలవలేదు. పంతం పంతమే.

ఆషాఢంలో డ్రోన్ మొదటిసారి పడ్డప్పుడు గిరి గేటు అవతలే నిలబడ్డాడు.

"గాలి అంచనా తప్పిందక్కా. నాచారం నుంచి ఇటు వాలుగాలి, ఉరికొచ్చింది. మళ్ల పోవాలంటే ఎదురుగాలి, బ్యాటరీ మస్తు తింటది. దాని మీద మీట నొక్కితే బ్యాటరీ ఎంతుందో నాలుగు లైట్లు చూపిస్తయి. ఒక్కటే మిగిలిందనుకో, ఎక్కడున్నదక్కడ దించుడే. లేకుంటే కూలిపోతది."

అడగని ప్రశ్నకు అంత జవాబు. తారామణి డ్రోన్‌ని గేటు పైనుంచి అందించి లోపలికి వెళ్లిపోయింది.

రెండోసారి గేటు తీసింది. అతను మెట్ల మీద కూర్చున్నాడు.

"నా కింద పనిచేసేటోళ్లకు నేనే చెప్తనక్కా. ముందు ఎదురుగాలికి పంపాలె, వాలుగాలికి రప్పించుకోవాలె అని. నేనే తప్పిన."

"చెప్పేటియి శ్రీరంగ నీతులు" అని గొణిగి మంచినీళ్లు తెచ్చిపెట్టింది. ఏడాదిలో తమ్ముడితో ఆమె అన్న మొదటి మాట అది.

ఇవాళ మూడోసారి. ఆమె డ్రోన్‌ని జాగ్రత్తగా కిందికి తెచ్చి బల్ల మీద పెట్టింది. కాసేపటికి గేటు చప్పుడైంది. గిరి వచ్చి గడప ముందు ఆగిపోయాడు. చెప్పులు విడిచాడు కానీ కాలు లోపల పెట్టలేదు.

"గాలి..." అంటూ మొదలుపెట్టాడు.

"గాలి సంగతి తర్వాత. లోపలికి రా."

"నువ్వే వద్దంటివి గదక్కా."

"వద్దన్నదాన్ని నేనే, రమ్మంటున్నదాన్ని నేనే. అన్నం సల్లారుతది, రా."

అతను గడప దాటాడు. లోపల రెండు కంచాలు పెట్టి ఉన్నాయి. పప్పు, వంకాయ కూర, బావకు ఇష్టమైన చింతకాయ తొక్కు. గిరి తొక్కు వంకే చూస్తూ కూర్చున్నాడు.

"బావ ముఖం సూడలేదక్కా" అన్నాడు.

"నాకెరుక. తిను."

ఇద్దరూ తిన్నారు. ఏడుస్తూనే తిన్నారు. చాలా రోజులకు ఆ ఇంట్లో కూర గిన్నె ఖాళీ అయింది.

చీకటి పడకముందే గిరి డ్రోన్ తీసుకుని బయలుదేరాడు. తారామణి గేటు దాకా వచ్చింది.

"వచ్చే ఐతారం గాలి ఎట్లుంటదట?"

అతను ఫోన్ తీసి చూశాడు. "జోరుగనే ఉంటదట" అన్నాడు, అక్క ముఖం చూడకుండా.

"అయితే మేడ మీద బట్టల తీగ తీపిస్త. రెక్కలకు తగులుకుంటే మళ్ల పరేషాన్."

"సరే అక్కా" అని అతను బండి ఎక్కాడు.

మలుపు తిరిగేదాకా తారామణి అక్కడే నిలబడి ముసిముసిగా నవ్వుకుంది; ఇవాళ అతను రాకముందే ఆమె మేడ మీద ఆ మీట నొక్కి చూసింది, కిందటిసారి లాగే నాలుగింట మూడు లైట్లు నిండుగా వెలిగాయి.