చరణంలో సగం

ఇంటింటి గోడలూ పోయినవాళ్ల గొంతులతో పాడే రోజులవి. ఆదిలక్ష్మమ్మ గోంగూర ఒలుస్తుంటే వంటింటి గోడ ఆవిడ భర్త గొంతుతో పాట ఎత్తుకుంది. ఎక్కడా శ్రుతి తప్పలేదు, ఊపిరి తడబడలేదు. ఆవిడ కంట చుక్క నీరైనా రాలేదు.

"బాలేదా అమ్మా?" అంది కూతురు హిమజ.

"బానే ఉందే. మీ నాన్నకి ఆయాసం కదా, చరణం సగంలో ఆగిపోయేవారు. మిగతాది నేనందుకునేదాన్ని. ఈ పాటకి నాతో పనే లేదు."

హిమజ గోడవైపు తిరిగి, "చరణం సగంలో ఆపెయ్" అంది.

పాట మళ్లీ మొదలై, చరణం మధ్యలో ఆగింది. ఆదిలక్ష్మమ్మ చేతిలో గోంగూర కాడ అలాగే ఉండిపోయింది. కాసేపటికి, వణుకుతున్న గొంతుతో మిగతా సగం అందుకుంది.

"అమ్మగారికి శ్రుతి కుదరలేదు, సరిచేయమంటారా?" అంది గోడ.

"నువ్వు నోర్ముయ్" అంది హిమజ, కళ్లు తుడుచుకుంటూ.