నేల ఊగిన పొద్దు

"మా బాపును సంపింది నువ్వే!" డానియేలు ఓదెలు చొక్కా పట్టుకుని గుంజాడు.

ఓదెలు విడిపించుకోలేదు. "అవును బిడ్డా, నేనే సంపిన. కొట్టు," అన్నాడు.

కిషన్‌బాగ్‌లోని ఆ గల్లీ అంతా ప్రకాశం శవం చుట్టూ చేరింది. పొద్దున బర్రెను కట్టేయడానికి పక్కింటి ఓదెలు రెండిళ్ల నడుమ గోడకు మేకు కొడుతుంటే, ఆ పాత మట్టిగోడ ఇవతలికి విరుచుకుపడింది. ఇవతల ప్రకాశం నిలబడి ఉన్నాడు. ఇప్పుడు అతని తల దగ్గర భార్య రాహేలు కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది.

కూతురు వీణ భూకంపాల ఆఫీసులో పనిచేస్తుంది. కబురందగానే పరుగెత్తుకొచ్చింది. తండ్రి కనుబొమల్లో చిక్కుకున్న మట్టిని చున్నీ కొంగుతో తుడుస్తుంటే, ఓదెలు భార్య ఆండాలు వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

"నువ్వన్న చెప్పు బిడ్డా మా ఆయనకు. ఇందాక కొట్టంల తాడు వట్టుకొని దూలం దిక్కు చూస్తుండె. గుంజుకున్న. ఇయ్యాలంటే గుంజుకున్న... రేపో?"

వీణ తలెత్తి ఓదెలు వైపు చూసింది. ఆ కళ్లలో ప్రాణం లేదు.

"కాకా, గోడ కూలినప్పుడు నేల ఊగిందా?"

ఓదెలు తడబడ్డాడు. "ఊగినట్టే అనిపించింది బిడ్డా. నా కాళ్లే వణుకుతున్నయనుకున్న."

"కాళ్లు కాదు కాకా, భూకంపం. గోడను కూల్చింది అదే."

"ఏం మాట్లాడుతున్నవ్ వీణా?" డానియేలు అరిచాడు. "భూకంపం వచ్చింది ఏడనో గోదావరి కాడ. నడుమ ఊళ్లోళ్లకే తెల్వదంట. గంత దూరంకెళ్లి వచ్చి మన గోడనే కూలగొట్టిందా?"

"అల నేల మీదనే ఉరుక్కుంట రాదన్నా. కొంత లోపలికి పోతది. మస్తు లోతుల భూమి పెంకు అయిపోయే కాడ ఇంకా గట్టి రాయి ఉంటది. దానికి తాకి మళ్ల పైకి లేస్తది. క్యారమ్ బోర్డుల స్ట్రైకర్ అంచుకు తాకి మళ్లినట్టు. అట్ల లేసిన అల నడుమ ఊళ్లను దాటేసి దూరంల తేలుతది. అందుకే ఒక్కోసారి నడుమల తక్కువ ఊగి, దూరంల ఎక్కువ ఊగుతది."

గల్లీలో గుసగుసలు మొదలయ్యాయి.

"నిజమే. మా ఇంట్ల గిన్నెలు గూడ కిందవడ్డయ్," అందొకామె.

డానియేలు పిడికిలి మెల్లగా సడలింది. ఓదెలు ఉన్నచోటే కూలబడ్డాడు. పొద్దుటి నుంచి చుక్క కన్నీరు రాల్చని మనిషి గుండెలు బాదుకుంటూ ఏడ్చాడు.

అందరూ చూస్తుండగా రాహేలు లేచింది. లోపలికి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చి ఓదెలు చేతిలో పెట్టింది.

"తాగు అన్నా. భూమి చేసినదానికి నువ్వేం చేస్తవ్?"

సాయంత్రం సమాధుల తోట నుంచి తిరిగొచ్చారు. చుట్టాలను బస్సెక్కించడానికి డానియేలు వెళ్లాక ఇంట్లో తల్లీ కూతురూ మిగిలారు. వీణ ఇక ఆపుకోలేకపోయింది. తల్లి కాళ్ల దగ్గర కూర్చుంది.

"అమ్మా, నన్ను మాఫ్ చెయ్యి. అందరి ముంగట అబద్ధమాడిన. గోడ కూలినప్పుడు బాపు నాతోని ఫోన్‌ల మాట్లాడుతున్నడు. ఆ సప్పుడు నేను విన్న. మా ఆఫీసుల నేల ఊగింది అటెన్క. భూకంపం రాకముందే గోడ కూలింది. ఓదెలు కాక కొట్టిన మేకుకే కూలింది."

రాహేలు కూతురి తల నిమిరింది.

"నాకెరుకే బిడ్డా. నేల ఊగినప్పుడు మీ బాపు తల నా ఒళ్లెనే ఉండె."