ఎలుక కన్నం

"మూడు వారాలు అడవిలో వదిలేశారు నాన్నా. కన్నాలు తవ్వి ఎలుకల్ని కాల్చుకు తిన్నాం," అన్నాడు లెఫ్టినెంట్. మిజో కొండల్లో శిక్షణ ముగించుకుని ఆ ఉదయమే భట్టిప్రోలులో దిగాడు.

కళ్లంలో మంచం మీద కూర్చున్న బసవేశ్వరరావు మీసం దువ్వాడు. కళ్లం ఊడుస్తున్న కూలిమనిషిని కేకేశాడు. "విన్నావా జ్ఞానమ్మా? దేశం కోసం మావాడు ఎలుకల్ని తిన్నాడు!"

ఎలుకలు తినే జాతి అని నిన్నటిదాకా ఆమె పేటనంతా ఈసడించిన నోరే అది.

జ్ఞానమ్మ చీపురు ఆపింది. "మరి కన్నంలో కంకులేం చేశారండి చినబాబుగారూ?"

"అడవిలో వరికంకులెక్కడివి?"

"అయితే మీకు సగమే నేర్పారండి. ఎలుక దాచుకున్న కంకులు కూడా తవ్వుకుంటాం మేం. నిన్న ఒళ్లో పోసుకుపోతుంటే నాన్నగారు దులిపించారు. ఎలుక మాదంట, కంకులు ఆయనవంట."

"చేను నాదైతే కన్నం ఎవరిదే?" గద్దించాడు బసవేశ్వరరావు.

లెఫ్టినెంట్ తన బూటు పక్కనున్న గంపలోంచి ఒక కంకి తీశాడు. దాని మొదలు కొడవలితో కోసినట్టు లేదు, పళ్లతో కొరికినట్టుంది.

"తిండి లేనివాడు తవ్వుతాడు నాన్నా ఎలుక కన్నం," అన్నాడు. "మీకేం తక్కువైంది?"