మూడోసారికి అందుకునే కారు

కారు మొదటి నొక్కుకే స్టార్ట్ అయిపోయింది.

"ఛ!" అన్నాడు డేవిడ్‌రాజు.

కారు స్టార్ట్ అయినందుకు షోరూం మనిషి విసుక్కోవడం జగ్గయ్యపేటలో అదే మొదటిసారి అయి ఉంటుంది.

అతని బాధ అతనిది. ఆ షోరూం పెట్టిన వీరరాఘవయ్యగారు వెనకటికి రేడియోలో ఒక ప్రకటన వేయించారు. అందులో ఒక ముసలి కారు రెండుసార్లు మూలిగి, మొరాయించి, మూడోసారికి అందుకునేది. ఆ వెంటనే ఒక గొంతు, "కొత్తది కొనరాదా బావా!" అనేది.

పొలంలో మోటారు ఆగినా, ఇంట్లో మిక్సీ తిరగకపోయినా చుట్టుపక్కల జనం ఇప్పటికీ ఆ మాటే అంటారు.

ఇప్పుడు షోరూం ఆయన కూతురు భారతీదేవిది. నాన్న ప్రకటన మళ్లీ ఎఫ్.ఎం.లో వినపడాలని ఆవిడ పట్టు.

"అదే కారు, అదే మూలుగు. సాయంత్రం వస్తా, వినిపించు. నీ వల్ల కాకపోతే ఈ ప్రకటన పని హైదరాబాదు వాళ్లకిచ్చేస్తా. నువ్వు మైలవరం బ్రాంచికి పోయి అమ్మకాలు చూసుకో" అంది పొద్దున్నే ఫోన్‌లో.

డేవిడ్‌రాజుకి ప్రచారం పనంటే ప్రాణం. అమ్మకాలంటే ప్రాణసంకటం.

ఆ ప్రకటన రికార్డు చేసిన పాత కేసెట్టు ఒకటి దొరికింది గానీ టేపు బూజుపట్టి అంటుకుపోయింది. నందిగామలో రేడియోలు బాగుచేసే జాన్‌బాషా దాంతో కుస్తీ పడుతున్నాడు.

కొత్త కార్లు చస్తే మూలగవు. అద్దెకు తెచ్చిన అంబాసిడర్ బ్రహ్మాండంగా మూలిగింది గానీ, మూడోసారికి కాదు గదా, ముప్పయ్యోసారికి కూడా అందుకోలేదు.

ఆఖరికి, ఆ ప్రకటనలో కారు సంగతి తెలిసినవాళ్లు షోరూంకి రావాలని వాట్సాప్ గ్రూపుల్లో పెట్టాడు.

మధ్యాహ్నం ఒక ముసలాయన అద్దాల తలుపు తోసుకుని వచ్చాడు. చంకలో గుడ్డసంచి ఉంది.

"ఆ కారు కోసం కబురు పెట్టారంటగా బాబూ? మా మనవరాలు ఫోన్‌లో చూసి చెప్పింది."

డేవిడ్‌రాజు ఒక్క ఉదుటున లేచాడు. "తెచ్చారా? ఎక్కడ పెట్టారు?"

"ఏంటి?"

"కారండీ!"

"నాకు కారెక్కడిది బాబూ? ఆటోలో వచ్చా."

డేవిడ్‌రాజు మళ్లీ కూలబడ్డాడు. "పోనీ ఎవరి కారో తెలుసా?"

"ఎవరిదీ కాదు. రాఘవయ్యగారిని పిలవండి, ఆయన చెప్తారు."

"ఆయన లేరండీ. కరోనాలో పోయారు."

ముసలాయన గోడమీద దండ వేసిన ఫొటోని అప్పుడు చూశాడు. చూస్తూ అలాగే నిలబడిపోయాడు.

"నాకెవరూ చెప్పలేదే" అన్నాడు.

తర్వాత జేబులోంచి చిన్న డబ్బా తీసి, అందులోని కట్టుడు పళ్లు పెట్టుకున్నాడు. సంచిలోంచి ఇత్తడి చెంబు బయటికి తీశాడు.

"దాహమా పెద్దాయనా? ఇలా ఇవ్వండి."

డేవిడ్‌రాజు తనే చెంబు అందుకుని, కూలర్ దగ్గర నిండా నీళ్లు పట్టి తెచ్చిచ్చాడు. అంత పనిలోనూ జాలిపడి తెచ్చాడు పాపం.

ముసలాయన చెంబులోకి చూశాడు. "నీళ్లకి కాదు బాబూ. ఒక్క నిమిషం ఆగితే..."

ఆ ఒక్క నిమిషమే డేవిడ్‌రాజు దగ్గర లేదు. ఇంకో పాత కారు వాకిట్లోకి వస్తోంది.

"తీరిగ్గా మాట్లాడుకుందాం, మళ్లీ రండి. ఇక్కడ రికార్డింగ్ ఉంది" అంటూ భుజం మీద చెయ్యేసి, మర్యాదగానే గుమ్మం దాటించాడు.

రిసెప్షన్ డెస్కు దగ్గరున్న ఫర్హత్ అద్దంలోంచి చూస్తోంది. ముసలాయన ఒక్క గుక్క తాగలేదు. నీళ్లు గుమ్మం పక్కన పూలకుండీలో పోశాడు. చెంబు లోపలంతా తుండుతో శుభ్రంగా తుడిచి సంచిలో పెట్టాడు. పళ్లు తీసి డబ్బాలో వేసుకుని ఆటో ఎక్కాడు.

"ఎవరు సార్ ఆయన? ఏ ఊరంట?"

"ఏమో, అడగలేదు" అన్నాడు డేవిడ్‌రాజు.

మన వైపు గుమ్మం తొక్కిన మనిషిని ఎవరైనా మొదట అడిగేది అదే.

సాయంత్రం భారతీదేవి వచ్చి కుర్చీలో కూర్చుంది. వినిపించడానికి డేవిడ్‌రాజు దగ్గర ఏమీ లేదు. ఆ రెండో కారు కూడా ఎందుకూ పనికిరాలేదు.

"మైలవరం వెళ్తావా మరి?" అని ఆవిడ అంటూండగానే జాన్‌బాషా ఫోన్ చేశాడు.

"సార్, కారు చప్పుడున్న ముక్క మొత్తం పోయింది. దానికి ముందు రాఘవయ్యగారు ఎవరితోనో మాట్లాడింది మాత్రం మిగిలింది. పంపిస్తున్నా, వినండి."

"ఎవరితోనో ఏంటి? డ్రైవరు అయ్యుంటాడు. పేరు తెలిస్తే చాలు, కారు దొరికినట్టే!" అన్నాడు డేవిడ్‌రాజు. పోయిన ప్రాణం లేచొచ్చింది అతనికి.

ముగ్గురూ ఫోన్ చుట్టూ చేరారు. కాసేపు బరబర. ఆ తర్వాత వీరరాఘవయ్యగారి గొంతు వచ్చింది. భారతీదేవి కళ్లు తుడుచుకుంది.

"శాంతయ్యా, మూలుగు ఇంకాస్త ఉండాలయ్యా. పళ్లు బిగపట్టు. చెంబు నోటికి దగ్గరగా పెట్టుకో... ఆఁ, ఇప్పుడు స్టార్ట్ చెయ్యి."

అక్కడితో టేపు ఆగిపోయింది.

ఫర్హత్ డేవిడ్‌రాజు వైపు చూసింది. అతను తలెత్తలేదు.

"అంటే ఇన్నేళ్లూ మనం విన్న కారు ఈ శాంతయ్యేనా!" అంది భారతీదేవి. "ఏ ఊరాయనది?"