కామా

“ఈ కోడు నిన్నెవరు రాయమన్నారమ్మా?” మేనేజర్ స్తాంచో, ప్రోగ్రామర్ బిల్యానా మీద విరుచుకుపడ్డాడు.

మందుల చీటీలు తీసుకునే మా సైటులో, అంకెల మధ్య కామా వస్తే దశాంశ చుక్కగా చదవడమే ఆ కోడు పని.

“అది లేకపోతే సర్వర్ కామాను మింగేస్తుంది సార్. మన ప్లోవ్‌దివ్ ఊళ్ళో చుక్కకు బదులు కామానే వాడతారు కదా, ఒకటిన్నరను అందరూ 1,5 అనే కొడతారు.”

“చుక్క పెట్టడం నేర్చుకుంటారులే! పీకి పారెయ్.”

ఆమె ఆ కోడు తీసేసింది.

“ఇప్పుడు చూడు, ఎంత చక్కగా పనిచేస్తుందో!” స్తాంచో తన తల్లి గుండె మందు మోతాదు తనే కొట్టి, ఆసుపత్రికి పంపేశాడు.

తెరమీద 15 మిల్లీలీటర్లు అని వచ్చింది.

“ఇదేంటి? నేను కొట్టింది ఒకటిన్నర!”

“కామా కొట్టారు సార్,” అంది బిల్యానా. “నేర్చుకుంటారులెండి.”