మేకుకు వేలాడిన బిళ్ళ

ఆ పొద్దున ఆకాశం మబ్బు పట్టింది కానీ చినుకు రాలలేదు. పవర్‌హౌస్ పొగ పైకి లేవలేక గోదావరిఖని మీదికే వంగింది. అస్గర్ తన మొబైల్ షాపు షట్టరు ఎత్తేసరికి మెట్టు మీద పూలమ్మ కూర్చుని ఉంది. కొంగు ముడి విప్పి పెన్‌డ్రైవ్ తీసింది.

“దీంట్ల వీడియో ఉండె, బిడ్డా. మా బిడ్డ తిరుమల చూద్దామని టీవీకి పెట్టింది. తెర మీద ఏందో అడిగిందట, ఈమె ఓకే కొట్టింది. మొత్తం సాఫ్! డిగ్రీ చదివింది మల్ల.”

అది గని కెమెరాలో పట్టిన వీడియో అని అస్గర్‌కు తెలుసు. కాలనీలో ఆ సంగతి తెలియనివారు లేరు.

రెండు నెలల క్రితం పూలమ్మ భర్త పోశం గనిలోకి దిగి, తిరిగి రాలేదు. దిగే ప్రతివాడూ తన నంబరు బిళ్ళ వెంట తీసుకుపోతాడు. పైకి వచ్చాక తలదీపాలిచ్చే ల్యాంప్‌రూంలో, కెమెరా ఎదుట ఉన్న బోర్డు మేకుకు తగిలిస్తాడు. ఆ రోజు పోశం బిళ్ళ మేకుకే ఉంది. వచ్చేశాడనుకుని లోపల ఎవరూ వెతకలేదు. మూడో రోజు, కూలిన బొగ్గు వెనక దొరికాడు. ఊపిరి పోయి పూట కూడా కాలేదని దవాఖానలో చెప్పారు.

“పైకొచ్చి మల్ల చెప్పకుంట దిగిండంటున్నరు ఆఫీసోళ్ళు. తప్పు ఆయనదేనట. బిడ్డకు నౌకరి ఇయ్యరట,” అంది పూలమ్మ. “బస్సు పోతదని, వెనకున్నోని బిళ్ళ ముందటోడు తీస్కపోయి తగిలిచ్చుడు మామూలే గద. ఎవడో తగిలిచ్చిండు. వాడు ఒక్క మాట చెప్తే అయిపాయె. నోరిప్పుతలేడు. ఆఫీసు కెమెరాల చెరిగిపోయిందట. ముందుగాల బతిలాడి తెచ్చుకున్న ఈ కాపీ ఒక్కటే దిక్కు.”

మూలన స్టూలు మీద అస్గర్ తండ్రి మొయినుద్దీన్ టీ తాగుతున్నాడు. పోశంతో ఇరవై ఏళ్ళు ఒకే షిఫ్టు. పోశం పోయిన నాటి నుంచి డ్యూటీకి పోవడం లేదు. కొడుకు షాపులోనే పొద్దు పుచ్చుతున్నాడు.

“సాఫ్ అయింది మల్ల వస్తదారా?” అన్నాడు.

“అసలు పోతే గద, అబ్బాజాన్!” అస్గర్ పెన్‌డ్రైవ్‌ను వేళ్ళ మధ్య తిప్పాడు. “లోపల కోట్ల గదులుంటయి. ఒక్కో గదిల పిసరంత కరెంటు పట్టి మూత పెడతది. వైరు పీకినా, ఏండ్లు గడిచినా గది గట్లనే కూసుంటది. అందుకే గద అందరు జేబుల ఏసుకొని తిరుగుతరు. చెరిపితే లోపలిది పోదు. జాబితాల పేరే పోతది. దాని మీదికెళ్ళి కొత్తది ఎక్కిస్తేనే ఖతం. ఏమన్న ఎక్కిచ్చిన్రా, అత్తా?”

“లే. ముట్టనియ్యలే.” పెన్‌డ్రైవ్ వైపు చూసింది. “మా ఆయన లెక్కనే ఉన్నది గదరా. పేరేమో బయటికొచ్చె. మనిషి లోపల్నే ఉండె.”

మొయినుద్దీన్ సగం టీ వదిలేసి గ్లాసు కింద పెట్టాడు.

అస్గర్ పెన్‌డ్రైవ్‌ను కంప్యూటర్‌కు పెట్టాడు. స్క్రీన్ మీద పచ్చ గీత చీమలా పాకింది. పూలమ్మ దాన్నే చూస్తూ కూర్చుంది. మధ్యాహ్నం సైరన్ మోగే వేళకు గీత చివరికి చేరింది.

అస్గర్ స్క్రీన్‌ను తన వైపు తిప్పుకున్నాడు. చాలాసేపు చూశాడు.

“రాలే, అత్తా.”

ఆమె ఏడవలేదు. చెయ్యి చాపింది. “ఇయ్యి మరి. పోత.”

“ఉత్తగ ఎందుకు? మామకు పాటలంటే పానం గద. ఎక్కిచ్చి ఇస్త.”

పెన్‌డ్రైవ్‌లో ఇంక చోటు లేదని కంప్యూటర్ చెప్పేదాకా పాటలు ఎక్కించాడు. తలెత్తి ఎవరినీ చూడలేదు.

“ఇంత తిని పో, చెల్లె,” అన్నాడు మొయినుద్దీన్. ఇంటి నుంచి భార్య షాహీదా పంపిన క్యారేజీ విప్పాడు. ముగ్గురూ కౌంటర్ వెనక చాప మీద కూర్చున్నారు. బయట వాన మొదలైంది.

మొయినుద్దీన్ ఆమె పళ్ళెంలో కూర వడ్డించాడు. ఇందాక అస్గర్ స్క్రీన్ మీద చూసిన వీడియోలో, తన బిళ్ళతో పాటు పోశం బిళ్ళను కూడా మేకుకు తగిలించిన చెయ్యి అదే.