మోరి పక్కన మనిషి

"నీళ్లు ఎటు పోతయి బిడ్డా?"

మల్లిక షెడ్డు వెనక మురికినీళ్ల మోరి పక్కన కూర్చున్న ముసలాయన రోజూ ఇదే అడుగుతున్నాడు.

మల్లికకు చిర్రెత్తుకొచ్చింది.

"ఈ పూత తొట్ల నీళ్లే ఉండయి తాతా. ఒకటి యూరియా, ఇంకోటి కోళ్ల దాణాల కలిపే కోలిన్ అనే ఉప్పు. రెండు కలిపి జర వేడి చేస్తే నూనె లెక్క అయితయి. చల్లారినా గడ్డ కట్టయి. దాంట్లనే జింకు కలిపి కరెంటు పెడితే బోల్టుకు పూత పడ్తది."

"మరి పూత పడ్డంక బోల్టు కడుగుతున్నవ్ గద. గా నీళ్లు?"

"పారబొయ్య. తట్టల పోసి ఎండబెడ్త. మిగిలిన ఉప్పు మళ్ల వాడుకుంట."

ఆయన నమ్మలేదు. తట్ట దగ్గరికి జరిగి కూర్చున్నాడు.

మల్లికది కల్వకుర్తి. మోత్కూర్‌కు కొత్త. ఇదే వాడకట్టులో ఒకప్పుడు పూతల షెడ్డు ఉండేదట. దాని యాసిడ్ నీళ్లు భూమిలోకి దిగి బోరు పాడైందట. పాము కరిచినవాడు తాడును చూసినా జడుస్తాడు. మల్లిక షెడ్డు మూయించాలా వద్దా అని ఆదివారం అందరూ కూర్చుంటున్నారు.

నెలల తరబడి పొక్కులు లేచి రాలిన పూత ఇప్పుడిప్పుడే నిలబడుతోంది. చచ్చినా మూసేది లేదనుకుంది మల్లిక.

శనివారం ముసలాయన మోరిలో చెయ్యి పెట్టి తడిమాడు. ఆమెకు ఓపిక నశించింది.

"నిన్నెవరు పంపిండ్రు తాతా? నా పొట్ట కొట్టనీకేనా గీ కావలి? లే. మళ్ల రాకు."

ఆయన చెయ్యి పంచెకు తుడుచుకుని వెళ్లిపోయాడు. మల్లిక వెనక గేటుకు గొళ్లెం పెట్టింది.

ఆదివారం ఎవరేమడిగినా జవాబు చెప్పాలని బోల్టులు, తట్ట పట్టుకుని బయల్దేరింది. షెడ్డు కిరాయికిచ్చిన ప్రమీలమ్మ దారిలోనే ఎదురొచ్చింది.

"ముచ్చట అయిపోయింది, వెనక్కి మర్లు. షెడ్డు నడుపుకో."

"నేనింక నోరే తెరవలే గదమ్మా."

"జంగయ్య తాత చెప్పిండు. 'మోరి కాడ్నే కూసున్న, చుక్క రాలే, పిల్ల అబద్ధమాడలే' అన్నడు. ఆయనే అన్నంక ఇంకెవరు మాట్లాడ్తరు?"

మల్లికకు తల కొట్టేసినట్టయింది.

"యాడున్నడమ్మా? కాళ్లు పట్టుకుంట."

"ఆలేరు బస్సెక్కిండు, బిడ్డ దగ్గరికి. ఇగ రాడు. గిది తేలేదాక ఆగిండు."

"గంత పట్టింపు ఎందుకమ్మా ఆయనకు?"

ప్రమీలమ్మ గొంతు తగ్గించింది.

"గా పాత షెడ్డు ఆయనదే బిడ్డా, బోరు నీళ్లకు పెండ్లాం పోయినంక, ఎవ్వరూ అడగకముందే తన చేత్తోనే తాళమేసిండు."